అడుగు కడిగినవా?

"కాళ్ళకింద తడి తగుల్తంది బిడ్డా" అంది అమ్మ.

2017 జులైలో ఒక ఆదివారం. జనగామ నుంచి భూపాలపల్లికి, అక్కావాళ్ళింటికి పోతున్నాం. మేనల్లుడి పుట్టినరోజు. బాపు నడుపుతున్నాడు. పక్కన నేను. వెనక సీట్లో అమ్మ, అమ్మ కాళ్ళ దగ్గర గారెల డబ్బా. పరకాల దాటాక వాన అందుకుంది. డబ్బాలోంచి నూనె కారిందేమో చూడమన్నాను. "నూనె గాదే, నీళ్ళు. సల్లగున్నయ్" అంది. అంతలో రోడ్డు మీద ఓ గుంత. కింది నుంచి నీళ్ళు చిమ్మి అమ్మ కుచ్చెళ్ళు తడిసిపోయాయి.

కారు పక్కకి ఆపించి మ్యాట్ ఎత్తాను. మ్యాట్ కింద గోనెసంచి. గోనెసంచి కింద ప్లైవుడ్ చెక్క. చెక్క తీస్తే... తారు రోడ్డు!

అరచేయి పట్టేంత కంత. అంచులు మాడిన అప్పడంలా ఉన్నాయి. వేలితో ముట్టుకుంటే ఎర్రటి పొడి రాలింది. బాపు వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ప్లైవుడ్ చెక్క దానంతటది వచ్చి అక్కడ పడుకోదు కదా!

ఆ మారుతి 800ని బాపు 2002లో కొన్నాడు. కొత్తది. మా వాడకట్టులో అదే మొదటి కారు. అసలు ఈ దేశంలో మొట్టమొదటి మారుతి 800ని 1983 డిసెంబరు 14న ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ అనే ఆయన అందుకున్నాడు. ఆయన 2010లో పోయాక ఆ బండి ఇంటి ముందే ఎండకీ వానకీ తుప్పుపట్టి కూలబడింది. తర్వాత కంపెనీయే దాన్ని బాగుచేయించి తన ఆఫీసులో పెట్టుకుంది. ఆ ఫొటోలు చూసినప్పుడు బాపు పెదవి విరిచాడు. "ఎంత పేరున్న బండైతేంది, సూస్కునేటోళ్ళు లేకపాయె" అని.

మా బండిని చూసుకునేవాడు లేకపోవడమేమిటి... ప్రతి ఆదివారం షాంపూ, ఆరాక వాక్స్, మెత్తటి పాత బనీనుతో తుడవడం! బానెట్లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. వానాకాలం రాగానే పైనుంచి కిందిదాకా కవర్ తొడిగేవాడు. అంతకు ముందటి దసరాకి, 2016 అక్టోబరు 11న, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ నుంచి విడిపోయి జిల్లాలయ్యాయి. మా కారు నంబరు మాత్రం ఏపీ 36గానే మిగిలింది. ఆ నంబరు ప్లేటుకి కూడా వాక్స్ రాసేవాడు బాపు. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా వంగి కింద చూడలేదంతే.

ఇందులో నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటుంది. బాపు సర్కారు బడిలో సైన్సు టీచరు. తుప్పు పాఠం ముప్ఫై ఏళ్ళు చెప్పాడు. మీరూ చదువుకునే ఉంటారు. మూడు పరీక్ష నాళికలు, మూడింటిలో ఇనుప మేకులు. మొదటిదాంట్లో మామూలు నీళ్ళు. రెండోదాంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు, పైన నూనె పొర. మూడోదాంట్లో గాలిలో తేమ పీల్చేసే కాల్షియం క్లోరైడు. కొన్ని రోజులకి మొదటి మేకు ఒక్కటే తుప్పు పడుతుంది. గాలీ నీరూ రెండూ దొరికింది దానికే మరి. మా వరండాలో ట్యూషన్ పిల్లల ముందు ఆ నాళికలు ఏటా వరుసగా నిలబడేవి. వంటింట్లోంచి నూనె ఇచ్చేది అమ్మ.

ఆ రోజు బండిని ముప్ఫై కిలోమీటర్ల స్పీడు మించకుండా నడుపుకుంటూ వెళ్ళాం. చెల్పూరు దగ్గర థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనబడితే అక్క ఊరొచ్చేసినట్టే. బావ సింగరేణిలో ఫిట్టరు. సంగతి విని, గారె తింటూనే, జాకీ తీసుకుని వచ్చాడు. తలుపు కింద గుమ్మంలా ఉండే పట్టీకి ఆనించి తిప్పాడు. జాకీ లేస్తోంది, కారు లేవడం లేదు. కరకరమని చప్పుడైంది. చూస్తే జాకీ కారులోకి దూరిపోయింది!

బావ చేతులు దులుపుకుని నిలబడ్డాడు. "మామా, దీంట్ల అత్తమ్మను కూసోబెట్టుకొని వచ్చిండ్రా?" అన్నాడు. అంతే అన్నాడు. బాపు ఏం మాట్లాడలేదు. తర్వాత చాయ్ తాగుతూ బావ చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది. గనిలో హాలేజీ తాడుని రోజూ పరీక్షించాలని రూలు ఉంది. నిన్న బాగుంది కదా అంటే కుదరదు. ఇనుముని ఎవడూ నమ్మడు. టార్చిలైటు వెలుతురులో కారు కింద ఆయన చూపించిన కంతలు ఐదు. (క్యాప్ ల్యాంప్ ఉంటే బాగుండేదన్నాను. అది ఇంటికి తెచ్చుకునే వస్తువు కాదట. దిగగానే ల్యాంప్ రూములో అప్పగించాలి.)

మేం బస్సులో జనగామ చేరాం. కారు రెండ్రోజుల తర్వాత ట్రాలీ ఎక్కి వచ్చింది.

ఇక్కడ మా అన్న కథ కొంచెం చెప్పాలి. అన్న 2009 నుంచి అమెరికాలో, డెట్రాయిట్ పక్కనే ఉంటాడు. 2015 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ అడుగుదాకా పోయిందట. సగం బ్రేకులు పట్టి, బండి జారి, పక్కనున్న మంచు కుప్పలో దిగబడి ఆగింది. వెనక సీట్లో మూడేళ్ళ పాప. ఎవరికీ ఏం కాలేదు. మెకానిక్ చూసి, బ్రేకు నూనె పోయే సన్నటి ఉక్కు పైపు తుప్పు పట్టి పగిలిందన్నాడట. కారణం ఉప్పు.

"ఉప్పేందిరా?" అన్నాడు బాపు.

"రోడ్ల మీద సల్లుతరు బాపు, మంచు కరగనీకి."

"రోడ్డుకు ఉప్పు సల్లుతరా! తొక్కు పెడుతరా ఏంది రోడ్డును?" అని పకపకా నవ్వాడు బాపు. భయం పోగొట్టడానికే నవ్వాడని ఇప్పుడు అనుకుంటాను.

సంగతి తొక్కులాంటిదే. నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. ఉప్పు కలిస్తే ఇంకా కిందికి దిగితే గానీ గడ్డకట్టవు. పుల్ల ఐసు బండివాడు ఐసుముక్కల్లో ఉప్పు వేసేది ఈ లెక్కతోనే. మైనస్ పది దాటి చలి ముదిరితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు లాంటివి వాడతారు. అవును, బాపు మూడో నాళికలోదే! గొట్టంలో అది తేమని తాగి మేకుని కాపాడింది. రోడ్డెక్కితే అదే తేమని లాగి కారు పొట్టకి అంటించి ఆరనివ్వకుండా పట్టుకుంటుంది. డెట్రాయిట్ నగరం కిందే, 1100 అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పు గని ఉంది. తవ్వేదీ అక్కడే, చల్లేదీ అక్కడే. బావకి ఇది చెబితే "మా బొగ్గు కంటే తెల్లగుంటది, గంతే తేడా" అన్నాడు.

అన్న ఒక్కడి గోడు కాదిది. అదే 2015లో అమెరికా రహదారి భద్రతా సంస్థ, 2007 అంతకు ముందు మోడల్ బండ్లున్నవాళ్ళు బ్రేకు పైపులు చూపించుకోవాలని, చలికాలం పోగానే అడుగుభాగం బాగా కడిగించాలని హెచ్చరిక ఇచ్చింది.

అన్నని ఆశ్చర్యపరిచింది మాత్రం అతని గ్యారేజీ. వెచ్చగా హీటర్ పెట్టిన గ్యారేజీ ఉన్న ఇల్లు వెతికి మరీ అద్దెకు తీసుకున్నాడు, కారు చల్లగాలికి పాడవకూడదని. మెకానిక్ తల కొట్టుకున్నాడట. గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిస్తుంది. ఉప్పు మంచు అంటిన కారుని రాత్రంతా వెచ్చటి గదిలో పెడితే మంచు కరిగి ఉప్పునీరై సందుల్లోకి పోతుంది. వెచ్చదనం తుప్పుకి ఊపునిస్తుంది. కడగని కారుని బయట చలిలో వదిలేయడమే నయం!

వానాకాలంలో తడి కారుకి కవర్ తొడిగిన బాపు చేసిందీ అదే పని అని నాకు వెలగడానికి రెండేళ్ళు పట్టింది.

అయితే జనగామలో మంచెక్కడిది, ఉప్పెక్కడిది అంటారా? ఉప్పుంది. మా కారులోనే ఉంది.

మానుకోట దగ్గర మా ఊళ్ళో మూడెకరాలున్నాయి. వరి, కొంచెం మిర్చి. రిటైరయ్యాక బాపు పాలకుర్తి, తొర్రూరు మీదుగా వారం వారం చేనుకి పోయేవాడు. ఆటో కిరాయి ఎందుకు దండగ అని కారు వెనక సీటు మడిచి ఎరువు బస్తాలు వేసుకుపోయేవాడు. యాసంగిలో మరీ ఎక్కువ. డిసెంబరు, జనవరి... తెల్లారే పొగమంచు, బస్తాల మూతుల్లోంచి రాలిన గింజలు. యూరియా తెల్లగా ఉంటుంది. పొటాష్ ఎర్రగా ఉంటుంది. ఆ ఎర్ర పొటాష్ పొటాషియం క్లోరైడే. మన వంటింటి ఉప్పుకి అన్నదమ్ముల వరస. వానాకాలం ఉప్పు జాడీ చెమ్మగిల్లడం మీరు చూస్తూనే ఉంటారు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు నీరు తాగుతుంది. యూరియా కూడా దాదాపు అంతే. పొటాష్‌కి ఇంకొంచెం ఎక్కువ తేమ కావాలి. మ్యాట్ కింద చేరిన ఆ గింజలు ప్రతి వానకీ, ప్రతి పొగమంచుకీ నీరు తాగి రేకుకి అంటుకుని కూర్చున్నాయి. ఉప్పునీరు రేకు మీద చిన్న చిన్న బ్యాటరీల్లా పనిచేస్తుంది. ఒక చోట ఇనుము కరుగుతుంది, పక్కన తుప్పు తేలుతుంది. ఇంతా చేసి ఉప్పు మాత్రం ఖర్చవదు. రేకు అయిపోయినా అది అలాగే ఉంటుంది.

డెట్రాయిట్ చలికాలం ఏదో, మానుకోట యాసంగి ఏదో... రెండింట్లోనూ కార్లని తిన్నది ఒకే కులం ఉప్పు.

ఆ రాత్రి బస్సు దిగి ఇంటికొచ్చాక బాపు అన్నం ముట్టలేదు. కంత సంగతి ఆయనకి రెండేళ్ళ నుంచీ తెలుసట. మొదట రూపాయి బిళ్ళంతే ఉందట. అప్పుడే బాగుచేయించొచ్చు. కానీ 2015లో అన్న బ్రేకుల సంగతి విన్నాక కొడుకుని నవ్విన నోటితో తన కారు కంత గురించి చెప్పలేకపోయాడు. ఇదంతా మాకు చెప్పలేదు, అమ్మకి చెప్పాడు. అమ్మ వెంటనే ఏమీ అనలేదు. గిన్నెలు కడిగి, దీపం ఆర్పే ముందు అంది. "పిలగాండ్లకు ముప్ఫై ఏండ్లు సెప్పినవ్. నా నూనె పోసిన గొట్టం ఏమాయె?"

మర్నాడు పొద్దున్నే బాపు టింకరింగ్ షెడ్డుకి నడిచాడు.

షెడ్డు అబ్బాయి ఆయన పాత శిష్యుడే. "సైన్సుల నేను ఫెయిల్ సార్, గని జంగు సంగతి మంచిగ దెలుసు" అన్నాడు. మా దగ్గర తుప్పుని జంగు అంటారు. జనగామ పేరు కూడా దాని నుంచే వచ్చిందని మా అన్న చిన్నప్పుడు నన్ను నమ్మించాడు, అది వేరే కథ! ఆ అబ్బాయి ముందు ఓ చీపురు పుల్ల తీసుకుని తలుపుల కింది అంచులో గుచ్చాడు. చెంచాడు బురద నీళ్ళు కారాయి. అద్దం మీద పడిన వాన తలుపు లోపలికి దిగుతుంది. అది పోవడానికి కింద చిన్న రంధ్రాలుంటాయి. అవి దుమ్ముతో పూడుకుపోతే తలుపు నీళ్ళ డబ్బా అయిపోతుంది. నాలుగు తలుపులూ డబ్బాలే మాకు. చక్రాల పైన మడతల్లోంచి పొలం బురద పారతో తీసినట్టు తీశాడు. అది ఎన్నటికీ ఆరదు. స్క్రూడ్రైవర్ పిడితో రేకంతా తట్టుకుంటూ పోయాడు. గట్టి రేకు ఖంగుమంటుంది. పోయినది ఠప్పుమంటుంది.

నాకు తెలియక, కింద నల్లటి కోటింగ్ కొట్టేస్తే సరిపోతుంది కదా అన్నాను. కొత్త కారు కొన్నప్పుడు అందరూ కొట్టిస్తారే, అది. అతను ఒప్పుకోలేదు. పాత తుప్పు మీద, ఆరని రేకు మీద అది పూస్తే నీళ్ళని లోపల పెట్టి తాళం వేసినట్టే. పైకి నున్నగా ఉంటుంది, లోపల తింటూనే ఉంటుంది. బీటలిచ్చిన కోటింగ్ అసలు లేనిదానికంటే చెడ్డదట. ముందు మంచినీళ్ళతో ఉప్పు పోయేదాకా కడగాలి. (బోరు నీళ్ళు కాదు. మా జనగామ బోరు నీళ్ళు ఆరితే బకెట్ మీదే తెల్లటి చారలు పడతాయి.) తర్వాత ఆరాలి. జులైలో ఆరడమంటే... తొమ్మిది రోజులు షెడ్డులోనే ఉంది బండి. కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేసి రెడాక్సైడ్ పూశాడు. ఆ రెడాక్సైడ్‌లో ఎర్రరంగు కూడా ఇనుప ఆక్సైడే. తుప్పు రాకుండా తుప్పు రంగే పూస్తామన్నమాట. బాపు మొదటిసారి నవ్వింది అప్పుడే.

పదకొండు వేలు అయింది. అదే ఏడాది రిజిస్ట్రేషన్‌కి పదిహేనేళ్ళు నిండాయి. ఆర్టీఏ ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ అయి, ఇంకో ఐదేళ్ళకి రెన్యువల్ వచ్చింది. అమ్మేద్దామని నేనొకసారి అన్నాను. బాపు విననట్టు ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఓసారి ఆయనతో చేనుకి వెళ్ళి, అక్కడి నుంచి బయ్యారం దాకా పోయాం. బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉంది. 2014 విభజన చట్టంలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూడాలని రాసింది దాన్ని బట్టే. ఫ్యాక్టరీ రాలేదు. గుట్ట మాత్రం ఎర్రగా, మా కారు కంత అంచు రంగులోనే ఉంది. బాపు ఓ రాయి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది గూడ జంగే. కొలిమిల పెట్టి దీంట్ల ఆక్సిజన్‌ను ఎల్లగొడితే ఇనుమైతది. జర సందిస్తే అది మల్ల వచ్చి కూసుంటది" అన్నాడు. రిటైరై ఎన్నేళ్ళయినా పాఠం పోలేదు.

ఎరువు బస్తాలు మాత్రం ఆయన మానలేదు. వెనక దళసరి టార్పాలిన్ పరిచి, అంచులు పైకి మడిచి వేస్తాడు. రాగానే మ్యాట్లు తీసి, ముందు పొడిగా ఊడ్చి, తర్వాత కడిగి, తలుపులన్నీ తెరిచి ఎండలో పెడతాడు. కవర్ ఎవరికో ఇచ్చేశాడు. రేకుల షెడ్డు వేయించాడు, నాలుగు వైపులా గాలి ఆడేట్టు.

కందెన సంగతి కూడా చెప్పాలి. మా తాత ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో గడ్డి బూడిద కలిపి కందెన పెట్టేవాడు. పని కాలం అయిపోగానే నాగలి కర్రుకి నూనె పూసి అటక మీద పెట్టేవాడు. బాపు ఇది అన్నకి ఫోన్‌లో చెప్పాడు. "కారు కింద నూనె పుయ్యరాదురా" అని. అన్న నవ్వలేదు. అక్కడా, పైన కెనడాలోనూ చేసేది అదేనట! మంచు మొదలుకాక ముందే అడుగంతా, తలుపుల లోపలా పల్చటి నూనె కొట్టించుకుంటారు. అది గట్టిపడదు, బీటలివ్వదు, సందుల్లోకి పాకుతుంది. ఏటా కొట్టించాలి. బ్రేకు డిస్కులకీ, రబ్బరు బుష్షులకీ, పొగ గొట్టానికీ తగలకుండా చూసుకోవాలి. అన్న అప్పటి నుంచి అక్టోబరులో నూనె కొట్టిస్తున్నాడు. చలికాలంలో సున్నా దాటి కొంచెం ఎండ కాసిన రోజల్లా కింది నుంచి నీళ్ళు చిమ్మే చోటికి తీసుకెళ్ళి కడిగిస్తున్నాడు. కారు ఇప్పుడు గ్యారేజీ బయటే పడుకుంటుంది.

2022లో అన్న వచ్చాడు. కోవిడ్ తర్వాత రావడం అదే మొదలు. మా కారుకి రెండో రెన్యువల్ దగ్గరపడింది. వచ్చిన మూడో రోజు పొద్దున లేచి చూస్తే షెడ్డులో బాపు పీట మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో నూనె డబ్బా, బ్రష్షు. కారు రెండు వైపులా స్టాండ్ల మీద ఉంది. కింది నుంచి మా అన్న కాళ్ళు రెండూ కనబడుతున్నాయి. "కుడిపక్క కర్రు కాడ పూసినవా?" అంటున్నాడు బాపు. కారుకి కర్రేమిటో ఆయనకే తెలియాలి. లోపల్నుంచి "పూసిన బాపు" అని వినబడింది. అమ్మ ఇద్దరికీ చాయ్ తెచ్చి, ఒక గ్లాసు నేలమీద పెట్టి కారు కిందికి జరిపింది.

ఇప్పుడు బాపుకి డెబ్బై అయిదు. దూరాలు నడపడం మానేశాడు. బండి కాగితాలు 2027 దాకా ఉన్నాయి. మొన్న నవంబరులో డెట్రాయిట్‌లో మొదటి మంచు పడిన రాత్రి అన్న వీడియో కాల్ చేశాడు. వెనక కిటికీలో తెల్లగా కనబడుతోంది. బాపు ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు.

"అడుగు కడిగినవా?"

"ఇంక ఉప్పు సల్లలే బాపు. ఇప్పుడే పడుతంది."

"సల్లంగనే కడుగు. తలుపులల్ల పుల్ల పెట్టి సూడు."

అమ్మ ఫోన్ లాక్కుంది. "తిన్నవా బిడ్డా?"